నక్షత్రాల నిప్పును లెక్కగట్టిన మేఘనాద్ సాహా

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి ధారగా దిగే ఇనుము వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి తరతరాలుగా ఆ కొలిమిని నమ్ముకుని బతికిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలానే ఉన్నాయి. మామూలు మనిషి కంటితో చూసే గొప్ప వేడిలో అదొకటి. అయినా అంత వేడిలో కూడా హైడ్రోజన్ పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను వదిలిపెట్టదు.

అదే ఊరి పైన, పాలపుంతలో నక్షత్రాల మధ్య ఖాళీగా కనిపించే చోట చాలా పలచని వాయువు పరుచుకుని ఉంది. అందులో ఘన సెంటీమీటరుకు సగటున ఒక్క పరమాణువు కూడా ఉండదు. పది ఘన సెంటీమీటర్లు వెతికితే ఒకటి దొరకొచ్చు. అక్కడి హైడ్రోజన్ మాత్రం దాదాపు అంతా ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని అయాన్ల రూపంలో ఉంది. కొలిమిలో చెక్కుచెదరనిది శూన్యంలో ఎందుకు విడిపోయింది? పదార్థం ఎప్పుడు, ఎంత మేరకు అయాన్లుగా విడిపోతుందో మొదటిసారి లెక్కకట్టి చెప్పినవాడు 26 ఏళ్ల కలకత్తా అధ్యాపకుడు మేఘనాద్ సాహా. ఆ పని చేసింది 1920లో. అప్పటికి ఆయన చేతిలో మంచి టెలిస్కోపు లేదు, సరైన ప్రయోగశాలా లేదు. ఆ లేమి ఆయన మిగతా జీవితమంతటినీ నడిపించింది.

కిరాణా కొట్టు నుంచి కలకత్తాకు

సాహా 1893 అక్టోబర్ 6న ఢాకా దగ్గరి సియోరాతలి గ్రామంలో పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఐదోవాడు. తండ్రి జగన్నాథ్ సాహాకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. పిల్లవాడికి నాలుగక్షరాలు వస్తే కొట్టులో కూర్చోబెట్టవచ్చన్నదే ఇంటివాళ్ల ఆలోచన. పై చదువులకు బడి ఊళ్లో లేదు. ఉన్న బడి పది కిలోమీటర్ల దూరంలోని సిములియాలో ఉంది. అక్కడి వైద్యుడు అనంతకుమార్ దాస్ కుర్రవాడికి తన ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టారు. బదులుగా సాహా తాను తిన్న కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. జనపనార మిల్లులో నెలకు 20 రూపాయల జీతంతో పనిచేసే అన్న జయనాథ్ అందులోంచి 5 రూపాయలు తమ్ముడికి పంపేవారు.

జిల్లా పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకుని, ఉపకారవేతనంతో సాహా 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్‌లో చేరారు. అది బెంగాల్ విభజన జరిగిన ఏడు. గవర్నర్ బామ్‌ఫైల్డ్ ఫుల్లర్ రాకకు నిరసన తెలిపిన విద్యార్థుల్లో ఉన్నారంటూ ఆయన్ను బడి నుంచి తీసేశారు. ఉపకారవేతనమూ పోయింది. కిశోరీలాల్ జూబిలీ స్కూల్ ఫీజు లేకుండా చేర్చుకోబట్టి చదువు నిలిచింది.

1911లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒక ఏడు ముందున్నారు. జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. అంతటి కాలేజీ హాస్టల్‌లోనూ కులం వెంటాడింది. సాహాల వ్యాపార కులాన్ని అప్పటి బెంగాలీ సమాజం కింది మెట్టున ఉంచేది. పక్కన కూర్చుని భోంచేయడానికి కొందరు తోటి విద్యార్థులు ఒప్పుకోలేదు. సరస్వతీ పూజ నాడు ఆయన్ను వేదిక దగ్గరికి రానివ్వలేదు. చదువుల తల్లి పూజలో చదువులో ముందున్నవాడికే చోటు దొరకని ఆ అనుభవం ఆయన్ను కడదాకా కులవ్యవస్థకు బద్ధవ్యతిరేకిగా నిలిపింది.

బీఎస్సీలో, ఎంఎస్సీలో సాహాది రెండో స్థానం. రెండుసార్లూ మొదటి స్థానం సత్యేంద్రనాథ్ బోస్‌ది. కుటుంబం గడవాలంటే ప్రభుత్వ ఉద్యోగం కావాలి. అయితే విప్లవకారులతో పరిచయాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వం ఆయన్ను ఆర్థిక శాఖ పరీక్ష రాయనివ్వలేదు. సాహా సైకిల్ మీద ఊరంతా తిరిగి ట్యూషన్లు చెప్పారు. ఆ అనుమానమే లేకపోతే ఖగోళ భౌతికశాస్త్రం ఒక గొప్ప శాస్త్రవేత్తను పోగొట్టుకునేది, వలస ప్రభుత్వ లెక్కల శాఖకు ఒక అధికారి పెరిగేవాడు.

వేడి ఒక్కటే చాలదు

1916లో అశుతోష్ ముఖర్జీ యువకులైన సాహానూ బోస్‌నూ కొత్తగా పెట్టిన యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో అధ్యాపకులుగా తీసుకున్నారు. సాహా మొదట గణితం విభాగంలో చేరి, అక్కడ పొసగక భౌతికశాస్త్రానికి మారారు. ఉష్ణగతికశాస్త్రం, వర్ణపటశాస్త్రం ఒక పక్క తాను నేర్చుకుంటూనే మరో పక్క విద్యార్థులకు బోధించారు. ఐన్‌స్టీన్ సాపేక్షతా వ్యాసాలను బోస్‌తో కలిసి జర్మన్ నుంచి ఇంగ్లిష్‌లోకి అనువదించారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆ పుస్తకం అచ్చువేసింది.

సూర్యుడి గురించి, నక్షత్రాల గురించి ఐరిష్ రచయిత్రి ఆగ్నెస్ క్లెర్క్ రాసిన పుస్తకాలు ఆయన్ను ఆకట్టుకున్నాయి. వాటిలో తేలని చిక్కులు చాలా కనిపించాయి. ఉదాహరణకు కాల్షియం. సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యుడి అంచున కనిపించే వర్ణమండలంలో మామూలు కాల్షియం పరమాణువుల గీతలు కొంత ఎత్తు వరకే ఉంటాయి. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియం గీతలు అంతకంటే చాలా ఎత్తుదాకా కనిపిస్తాయి. కింద కంటే పైన వేడి తక్కువన్నది నాటి అభిప్రాయం. మరి వేడి తక్కువ ఉన్నచోట పరమాణువులు ఎక్కువగా ఎలా విడిపోతున్నాయి?

జర్మన్ శాస్త్రవేత్త ఎగ్గర్ట్ 1919లో ప్రచురించిన వ్యాసం సాహాకు దారి చూపింది. నక్షత్రాల లోపల పరమాణువులు విడిపోవడాన్ని ఎగ్గర్ట్ ఒక రసాయన చర్యలా లెక్కగట్టారు. అయితే ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి ఎంత శక్తి కావాలన్న దగ్గర అంచనాల మీద ఆధారపడ్డారు. ప్రయోగాల్లో కొలిచిన అయనీకరణ శక్తిని నేరుగా అక్కడ ప్రవేశపెట్టాలన్నదే సాహా ఆలోచన. కాల్షియానికి అది సుమారు 6.1 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, హైడ్రోజన్‌కు 13.6, హీలియానికి 24.6. ఈ శక్తి, ఉష్ణోగ్రత, పీడనం తెలిస్తే వంద పరమాణువుల్లో ఎన్ని అయాన్లుగా మారతాయో చెప్పే సమీకరణం అలా పుట్టింది.

ఆ సమీకరణంలో పీడనానికున్న పాత్రే కాల్షియం చిక్కు విప్పింది. వేడి ఎలక్ట్రాన్‌ను విడగొడుతుంది. విడిపోయిన ఎలక్ట్రాన్ మళ్లీ ఏదో ఒక అయాన్‌తో జతకడుతుంది. జతకట్టాలంటే ముందు ఎదురుపడాలి కదా. తిరునాళ్ల రద్దీలో చేయి వదిలినవాడు రెండడుగుల్లో ఎవరో ఒకరికి తగులుతాడు. ఎండాకాలం బీడు భూముల్లో మైళ్లు నడిచినా మనిషి ఎదురుపడడు. పీడనం తక్కువైతే ఎలక్ట్రాన్లదీ అదే పరిస్థితి. విడిపోవడం ఆగదు, కలవడం మాత్రం అరుదైపోతుంది. అందుకే సూర్యుడి వర్ణమండలంలో పైకి వెళ్లేకొద్దీ అయాన్ల పాలు పెరుగుతుంది.

1920 తొలి నెలల్లో సాహా వరుసగా వ్యాసాలు రాసి లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌కు పంపారు. సూర్య వర్ణమండలంలో అయనీకరణ గురించిన వ్యాసం అదే ఏడు అక్టోబర్‌లో అచ్చయింది. అప్పటికే ఆయన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ స్కాలర్‌షిప్‌తో యూరప్ బయలుదేరారు. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ ప్రయోగశాలలో నక్షత్ర వర్ణపటాల తాజా సమాచారం దొరికింది. దాంతో తన సిద్ధాంతాన్ని సూర్యుడి నుంచి నక్షత్రాలన్నిటికీ విస్తరించారు. ఆ వ్యాసం 1921లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది.

నక్షత్రాల వరుసకు అర్థం

హార్వర్డ్‌లో అనీ జంప్ కానన్ లక్షల నక్షత్రాల వర్ణపటాలను ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం అనే తరగతులుగా వర్గీకరించారు. కొన్నింట్లో హీలియం గీతలు, కొన్నింట్లో హైడ్రోజన్, మరికొన్నింట్లో లోహాల గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నక్షత్రాలు వేర్వేరు మూలకాలతో తయారయ్యాయేమోనన్న సందేహం ఉండేది. ఆ తేడాలకు ప్రధాన కారణం ఉష్ణోగ్రతేనని సాహా లెక్కలు తేల్చాయి. అదే కాల్షియం ఒక వేడి దగ్గర మామూలు పరమాణువుగా, ఇంకో వేడి దగ్గర అయాన్‌గా గీతలు గీస్తుంది. దాంతో ఆ తరగతుల వరుస ఒక ఉష్ణమాపకంలా మారింది.

సిద్ధాంతం నిలబడాలంటే ముందే చెప్పింది తర్వాత కనిపించాలి. రుబీడియం చాలా తేలిగ్గా ఎలక్ట్రాన్‌ను వదిలే మూలకం. సూర్యుడి ఉపరితలం మీద దాని పరమాణువులు దాదాపు అన్నీ విడిపోయి ఉంటాయి కాబట్టే దాని గీతలు కనిపించడం లేదని, కాస్త చల్లగా ఉండే సూర్యమచ్చల్లో వెతికితే దొరకవచ్చని సాహా సూచించారు. అమెరికన్ శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ వర్ణపటాల్లో వెతికితే అవి దొరికాయి. 1925లో సిసీలియా పేన్ సాహా సిద్ధాంతాన్నే ఆధారం చేసుకుని, నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని లెక్కతేల్చారు. విశ్వం దేనితో తయారైందన్న మన నేటి అవగాహనకు పునాది అక్కడే పడింది.

గమనిస్తే కలకత్తాలో పుట్టిన ఆలోచనకు రుజువు కాలిఫోర్నియాలో దొరికింది, ఫలితం మసాచుసెట్స్‌లో పండింది. అసలు ఆ ఆలోచనకు ముందే ఆయనకు ఇలాంటి దెబ్బ ఒకటి తగిలింది. కాంతి పీడనం పరమాణువులను ఎంపిక చేసినట్టు పైకి నెడుతుందన్న వ్యాసాన్ని 1917లో అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపితే, అచ్చు ఖర్చులో కొంత భరించాలన్నారు. ఆ డబ్బు సాహా దగ్గర లేదు. చివరికి ఆ పని కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో చిన్నగా వెలువడి, బయటి ప్రపంచం కంట పడకుండా ఉండిపోయింది.

పరికరాల కోసం పోరు

బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ ప్రయోగశాలలోనూ కొంతకాలం పనిచేసి 1921 చివర్లో సాహా తిరిగొచ్చారు. 1923లో అలహాబాద్ విశ్వవిద్యాలయంలో చేరి పదిహేనేళ్లు అక్కడే ఉన్నారు. బోధన భారం ఎక్కువ, పరిశోధనకు డబ్బు తక్కువ. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాక గానీ ప్రాంతీయ ప్రభుత్వం ఏటా 5,000 రూపాయల గ్రాంటు ఇవ్వలేదు. ఇది ఆయన ఒక్కడి సమస్య కాదు. అదే దశకంలో విజయనగరం మహారాజా కాలేజీలో ఎ.ఎల్. నారాయణ్, ఆయన శిష్యుడు కె. రంగధామరావు కూడా పరిమితమైన సాధనాలతోనే లోహపు ఆవిరుల వర్ణపటాలను పరిశీలించారు. తర్వాత నారాయణ్ కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీ డైరెక్టరయ్యారు. రంగధామరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపటశాస్త్రాన్ని నిలబెట్టారు. ఊరికొక ప్రతిభ ఉన్నా వాటికి కావలసిన వనరులు మాత్రం లేని కాలమది.

సాహా ఊహ మాత్రం వనరుల దగ్గర ఆగలేదు. సూర్యుడి అతినీలలోహిత కాంతిని ఓజోన్ పొర అడ్డుకుంటుంది కాబట్టి ఆ పొరకు పైన అబ్జర్వేటరీ ఉంటే ఏం కనిపిస్తుందో 1937లో హార్వర్డ్ బులెటిన్‌లో రాశారు. రాకెట్లతో అలాంటి పరిశీలనలు మొదలవడానికి ఇంకా దాదాపు పదేళ్లు ఉంది. నోబెల్ బహుమతికి ఆయన పేరు పలుమార్లు ప్రతిపాదనకు వచ్చినా బహుమతి రాలేదు.

1938లో పాలిత్ ప్రొఫెసర్‌గా కలకత్తా తిరిగొచ్చాక ఆయన దృష్టి పరమాణు కేంద్రకం మీదికి మళ్లింది. సైక్లోట్రాన్ నిర్మాణానికి నెహ్రూ చొరవతో సర్ దోరాబ్జీ టాటా ట్రస్టు 60,000 రూపాయలు ఇచ్చింది. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టిన దోరాబ్జీ పేరున్న ట్రస్టు డబ్బు ఇలా కలకత్తా ప్రయోగశాలకు చేరింది. యుద్ధం మాత్రం అడ్డుపడింది. అయస్కాంత భాగాలు చేరాయి గానీ, పంపులను తెస్తున్న ఓడను జపాన్ దళాలు ముంచేశాయి. పని ఏళ్ల తరబడి ఆలస్యమైంది. అయినా సాహా పట్టు వదల్లేదు. 1950లో ఇరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిన ఆయన సంస్థ ఇప్పుడు సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్.

కొలిమి, నది, ప్రణాళిక

సొంత పరికరాల వేట ఆయన్ను పెద్ద ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లింది. కరెంటు, ఉక్కు, యంత్రాలు లేని దేశానికి సైన్స్ ఎక్కడి నుంచి వస్తుంది? 1935లో ఆయన సైన్స్ అండ్ కల్చర్ పత్రిక మొదలుపెట్టారు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న సుభాష్ చంద్రబోస్‌ను జాతీయ ప్రణాళికా సంఘం వైపు ఒప్పించినవారిలో సాహా ముఖ్యులు. నెహ్రూ అధ్యక్షత వహించిన ఆ సంఘంలో విద్యుత్తు, ఇంధనాల ఉపసంఘం బాధ్యత ఆయనదే. కుటీర పరిశ్రమలే దేశానికి దారి అన్న గాంధేయ వాదంతో ఆయన రాజీపడలేదు. జంషెడ్‌పూర్ లాంటి పట్టణాలు మరిన్ని రావాలన్నదే ఆయన వాదం.

నదుల విషయంలోనూ అంతే. చిన్నప్పటి నుంచి వరదలెరిగిన మనిషి. 1943 దామోదర్ వరద కలకత్తాను మిగతా దేశం నుంచి తెంచేసినప్పుడు, అమెరికాలోని టెనెసీ లోయ నమూనాను ముందుకు తెచ్చి ఎడతెగకుండా రాశారు, విచారణ సంఘంలో సభ్యుడిగా వాదించారు. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. నేటి జార్ఖండ్ కొండల్లో పుట్టే ఆ నది లోయలో తయారైన కరెంటు జంషెడ్‌పూర్ పరిశ్రమలకూ అందింది.

ఈ కథకు రెండో వైపూ ఉంది. మైథాన్, పంచేత్ ఆనకట్టల కింద వేల కుటుంబాలు భూములు పోగొట్టుకున్నాయి. వారిలో సంతాలులు, ఇతర ఆదివాసులు చాలామంది. ఆ రెండు ఆనకట్టలూ పూర్తయ్యేనాటికి సాహా లేరు. అయినా వరదను, చీకటిని జయించాలన్న ఆ తరం ప్రణాళికల్లో నిర్వాసితుల లెక్క ఎంత తక్కువగా ఉండేదో చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేం. కులం చేత పక్కకు నెట్టబడ్డ మనిషి కలగన్న ప్రగతి ఇంకొందరిని పక్కకు నెట్టింది.

1952లో సాహా కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. తూర్పు బెంగాల్ శరణార్థుల గురించి, పరిశ్రమల గురించి, అణుశక్తి విధానం గురించి ప్రభుత్వాన్ని నిలదీశారు. అదే ఏడు పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షులయ్యారు. దేశంలో ప్రాంతానికొక లెక్కతో నడిచే పంచాంగాలను ఖగోళ గణితానికి సరిపోల్చిన ఆ సంఘం సిఫారసుతోనే 1957 మార్చి 22 నుంచి శకసంవత్సరం ఆధారంగా జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. అది చూడటానికి ఆయన లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలో గుండెపోటుతో కుప్పకూలారు. వయసు 62.

ముప్పై ఏళ్లు నిండకుండానే అంత పని చేసినవాడు కమిటీల్లో, పార్లమెంటులో కాలం గడపడం సైన్స్‌కు నష్టమన్నవారున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే వర్ణపటాలు ఒక దేశంలో, యంత్రాలు ఇంకో దేశంలో, డబ్బు మరో దేశంలో ఉన్నప్పుడు అలహాబాద్‌లో కూర్చుని ఆయన ఎంత దూరం పోగలిగేవారన్నది ప్రశ్న. ఆయన కమిటీల వెంట తిరిగింది ఆ మూడింటినీ ఇక్కడికి తేవడానికే.

చుక్కల నడుమ

ఆయన సమీకరణం ప్రయాణం ఆయనతో ఆగలేదు. ఓ తరగతి నక్షత్రాలు 30,000 డిగ్రీలకు మించిన వేడితో ఉంటాయని, వాటి కాంతిలో అతినీలలోహిత కిరణాలు దండిగా ఉంటాయని తెలియడానికి మార్గం వేసింది ఆ సిద్ధాంతమే. ఆ కిరణాలు చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను ఎంత దూరం దాకా అయాన్లుగా మారుస్తాయో డెన్మార్క్ శాస్త్రవేత్త బెంగ్ట్ స్ట్రోమ్‌గ్రెన్ 1939లో లెక్కగట్టారు. సాహా సమీకరణం అక్కడ యథాతథంగా పనికిరాదు. అది వాయువు, కాంతి ఒకే వేడితో సమతుల్యంలో ఉన్నచోటికి రాసింది. నక్షత్రాల నడుమ అలాంటి సమతుల్యం ఉండదు. దూరంతో పలచబడ్డ కాంతికి తగ్గట్టు ఆ సమీకరణాన్ని సవరించి స్ట్రోమ్‌గ్రెన్ ముందుకు సాగారు.

వేడి నక్షత్రాల చుట్టూ మాత్రమే కాదు, పాలపుంత అంతటా అయాన్ల వాయువు పలచగా పరుచుకుని ఉందని 1963లో హోయిల్, ఎల్లిస్ రేడియో తరంగాల ఆధారంగా ప్రతిపాదించారు. 1970లలో అమెరికన్ శాస్త్రవేత్త రొనాల్డ్ రేనాల్డ్స్ ఆ వాయువు నుంచి వచ్చే హైడ్రోజన్ ఎర్రని కాంతిని, కంటికి ఆనని ఆ వెలుగును, ఓపిగ్గా కొలవడం మొదలుపెట్టారు. దాని వేడి 8,000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పాలపుంత పళ్లేనికి పైనా కిందా దాదాపు మూడేసి వేల కాంతి సంవత్సరాల ఎత్తుదాకా వ్యాపించి ఉంటుంది. మన గెలాక్సీలోని అయనీకృత హైడ్రోజన్‌లో 90 శాతం దాకా ఇందులోనే ఉందని అంచనా.

వేడి నక్షత్రాలు ఎక్కువగా ఉండేది పళ్లెం మధ్య పొరలో. దారిపొడవునా అతినీలలోహిత కాంతిని మింగేసే హైడ్రోజన్ మేఘాలున్నాయి. వాటిని దాటుకుని ఆ కాంతి అంత ఎత్తుకు ఎలా చేరుతోందన్నది ఖగోళ శాస్త్రవేత్తలు ఇప్పటికీ పనిచేస్తున్న ప్రశ్న. మేఘాల మధ్య సందులున్నాయని, పేలిన నక్షత్రాలు ఆ దారులు తెరిచాయని ఒక వివరణ. ఏ వివరణ నిలిచినా లెక్క మాత్రం ఎప్పుడూ రెండు వైపులా జరుగుతుంది. ఎన్ని పరమాణువులు విడిపోతున్నాయి, విడిపోయినవి ఎంతకాలానికి మళ్లీ కలుస్తున్నాయి? 1920లో సాహా మొదలుపెట్టిన లెక్క అదే.